మన ఊరి నుంచి వెళ్ళిన వలసను రాశాం, మన ఊరికి వచ్చిన వలసను ఎందుకు రాయలేకపోతున్నాం? (పి. సాయినాథ్ రచనల నేపథ్యంలో చర్చ)

పాఠకురాలు_వరంగల్:

సభ్యులకు నమస్కారం. జిల్లా విలేకరుల శిక్షణ తరగతుల కోసం పాలగుమ్మి సాయినాథ్ గారి రచనలను వరుసగా మళ్ళీ చదువుతున్నాను. 1993లో ఒక ఫెలోషిప్‌తో ఐదు రాష్ట్రాలలోని అత్యంత పేద జిల్లాలలో తిరగడం మొదలుపెట్టి, ఆ కథనాలను 1996లో పుస్తకంగా వెలువరించి, ఆ తర్వాత ‘ది హిందూ’ గ్రామీణ వ్యవహారాల సంపాదకునిగా పనిచేసి, 2014 డిసెంబరులో ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’ను, అంటే మనం ‘పరి’ అని పిలుచుకునే వెబ్ పత్రికను ప్రారంభించిన ఈ తెలుగు కుటుంబపు విలేకరి ప్రభావం మన పత్రికల మీద తక్కువేమీ కాదు. పాలమూరు వలసలు, అనంతపురం రైతుల ఆత్మహత్యలు, గల్ఫ్ బాధితులు మన జిల్లా పేజీలలో క్రమంగా చోటు సంపాదించుకున్నాయి.

అయితే ఒక విషయం నన్ను వేధిస్తున్నది. పెద్దపల్లి, రంగారెడ్డి, యాదాద్రి జిల్లాల ఇటుక బట్టీలలో పనిచేసే ఒడిశా కుటుంబాలు, ములుగు, భద్రాద్రి ప్రాంతాలలో మిరపకాయలు ఏరే ఛత్తీస్‌గఢ్ ఆదివాసులు, రైస్ మిల్లులలో బస్తాలు మోసే బీహార్ హమాలీలు మన తెలుగు పత్రికలలో ‘వలస కూలీ మృతి’ అన్న ఒక్క కాలమ్ వార్తగా తప్ప కనిపించడం లేదు. మనవాళ్ళు వెళ్ళినప్పుడు పేజీ ఇచ్చిన మనం, మన దగ్గరికి వచ్చినవారికి ఒక కాలమ్‌తో సరిపెడుతున్నాం. దీనికి కారణం భాషా, భయమా, అలవాటా? అనుభవం ఉన్నవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాలమూరు_మట్టి:

మీ ప్రశ్న అవసరమైనది. ముందుగా మా జిల్లా గురించి ఆయన రాసిన పద్ధతిని గుర్తు చేస్తాను, ఎందుకంటే జవాబులో సగం అక్కడే ఉన్నదని నా నమ్మకం.

2003లో ఆయన మహబూబ్‌నగర్ నుంచి ముంబయి వెళ్ళే ఆర్టీసీ బస్సులో కూలీలతో కలిసి ప్రయాణించి ‘ది హిందూ’లో రాశారు. పదేళ్ళ కిందట వారానికి ఒక్క బస్సు తిరిగిన దారిలో అప్పటికి వారానికి ముప్పైకి పైగా బస్సులు నడుస్తున్నాయన్నది ఆ కథనానికి వెన్నెముక. ఎంతమంది వలస వెళ్ళారని ఏ కార్యాలయాన్ని అడిగినా లెక్క దొరకని కాలంలో, ఆ బస్సుల సంఖ్యే ఆయనకు సాక్ష్యమయింది. డిపోలో బస్సుల సమయాల పట్టికను మేమందరం రోజూ చూసేవాళ్ళమే, కానీ దానిని కరువు లెక్కగా చదవాలని మాలో ఎవరికీ తోచలేదు.

మా దగ్గర ఈ వలస కొత్తది కాదు. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలోని ఎన్నో ఆనకట్టల మట్టి పనికి పాలమూరు లేబరు వెళ్ళింది. గుంపు మేస్త్రీ ఊరిలో అడ్వాన్సు ఇచ్చి మనుషులను కూడగట్టేవాడు, అతని మీద పెద్ద మేస్త్రీ ఉండేవాడు, ఆయన మీద కాంట్రాక్టరు. కూలీకి కనిపించేది గుంపు మేస్త్రీ ఒక్కడే, అతడు చాలాసార్లు సొంత ఊరివాడు, ఒక్కొక్కసారి సొంత కులంవాడు. అందుచేత అప్పు తీరకుండా పారిపోతే పోయేది డబ్బు మాత్రమే కాదు, ఊరిలో ముఖం కూడా చెల్లదు. ఇప్పుడు ఒడిశా నుంచి బట్టీలకు వచ్చేవారిని తెచ్చే ‘సర్దార్’ పాత్ర అచ్చంగా ఇదే. మన తాతలకు తెలిసిన కట్టుబానిసత్వమే మన పొలిమేరలో ఇంకొక భాషలో నడుస్తూ ఉంటే గుర్తు పట్టవలసిన మొదటివాళ్ళం మేమే. ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అని పాడుకున్న ప్రాంతానికి ఈ బాధ్యత ఇంకా ఎక్కువ ఉన్నదని భావిస్తున్నాను.

విశ్రాంత_ఉద్యోగి:

కార్మిక శాఖలో పనిచేసి విరమించుకున్నవాడిని. భాష, భయం, అలవాటు అని మూడు కారణాలు చెప్పారు. నాలుగవది, నా దృష్టిలో అన్నింటికన్నా బలమైనది, కాగితం లేకపోవడం.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం నిజానికి ఒడిశాలోని ‘దాదన్’ కూలీల, అంటే అడ్వాన్సు తీసుకొని వలస వెళ్ళే కూలీల, దుస్థితి చూసి చేసిన చట్టం. ఐదుగురు లేదా అంతకు మించి వలస కార్మికులను తెచ్చే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలన్నది. ప్రతి కార్మికునికి ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇచ్చి, అందులో కూలి రేటు, ఇచ్చిన అడ్వాన్సు రాయాలన్నది. నెల కూలిలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది, తిరిగి వసూలు చేయకూడని స్థానచలన భత్యంగా ఇవ్వాలన్నది. దారిఖర్చులు వేరు. చట్టంలోని ఈ ఒక్కొక్క మాట ఒక్కొక్క కాగితాన్ని పుట్టించాలి. నా ఉద్యోగ కాలంలో బట్టీల దగ్గర అలాంటి పాస్‌బుక్కు నా కంట పడినది చాలా అరుదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకొని, ఐదుగురు అన్న పరిమితిని పదిమందికి పెంచింది. పెద్ద బట్టీల మీద దీని ప్రభావం స్వల్పమే గాని, చిన్న గుంపులు ఈ పరిధి నుంచి మరింత దూరం జరిగిపోయాయి.

ఇంకొక సంగతి. 1982 నాటి ఆసియాడ్ కార్మికుల (ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల) కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. అడ్వాన్సు, తక్కువ కూలి, బయటికి కదలనివ్వకపోవడం, ఈ మూడూ ఒకచోట చేరితే 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వర్తిస్తుంది. అప్పుడు రెవెన్యూ అధికారి విడుదల పత్రం ఇవ్వాలి. ఆ పత్రం చేతిలో ఉంటేనే అప్పు రద్దు, పునరావాసం. కానీ ఆ పత్రం ఇస్తే తన పరిధిలో వెట్టి ఉన్నదని ఆ అధికారే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్లవుతుంది. అందువలన, రక్షించామని ఫోటోలు దిగి, కూలీలను రైలెక్కించి, పత్రం మాత్రం ఇవ్వకుండా పంపించివేయడం జరుగుతూ ఉంటుంది. మీ విలేకరులు ఆ రోజు అడగవలసిన ప్రశ్న ‘ఎంతమందిని రక్షించారు’ అన్నది కాదు, ‘ఎంతమందికి విడుదల పత్రం ఇచ్చారు’ అన్నది.

బట్టీ_బంధువు:

నా మాటలు ఇక్కడ చాలామందికి నచ్చకపోవచ్చు. మా దగ్గరి బంధువులు ఇటుక బట్టీ నడుపుతున్నారు, చిన్నప్పటి నుంచి ఆ వాతావరణం తెలిసినవాడిని కాబట్టి రాస్తున్నాను.

పత్రికలలో వచ్చే నాలుగు వార్తలలోనూ యజమాని దుర్మార్గుడిగా, కూలీ నిస్సహాయుడిగా కనిపిస్తారు. పశ్చిమ ఒడిశావారి కొత్త పంట పండుగ నువాఖాయ్ వెళ్ళగానే సర్దార్‌కు లక్షలలో అడ్వాన్సు పోసిన యజమాని, ఆ డబ్బును వడ్డీకి తెచ్చినవాడే. సర్దార్ ఇద్దరు యజమానుల దగ్గర డబ్బు తీసుకొని ఒకరికే మనుషులను తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. అకాల వర్షం ఒక్క రాత్రి కురిస్తే ఆరబెట్టిన పచ్చి ఇటుకంతా మట్టి అవుతుంది, ఆ నష్టం ఎవరిదన్న తగవు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇవేవీ అన్యాయాన్ని సమర్థించవు, నేనూ సమర్థించను. కాని విలేకరి వచ్చి యజమాని గొంతు ఒక్క వాక్యం కూడా లేకుండా రాసి వెళ్ళిన తర్వాత, రెండవసారి ఏ విలేకరికీ ఏ బట్టీ గేటూ తెరుచుకోదు. సాయినాథ్ గారి రాజకీయ దృక్పథం బహిరంగమే. ఆయన స్థాయి మనిషికి అది చెల్లవచ్చు, మండల విలేకరికి చెల్లుతుందా?

పాఠకురాలు_వరంగల్:

బట్టీ బంధువు గారూ, మీరు ఈ మాట రాయడం ఈ చర్చకు మేలు చేసింది. అయితే మీరు చెప్పినదంతా చదివితే, సాయినాథ్ గారు మొదటి నుంచి పట్టుబట్టిన విషయమే మరింత బలపడుతున్నట్లు నాకు అనిపిస్తున్నది. సంఘటనను కాకుండా ప్రక్రియను రాయాలని ఆయన వాదం. అడ్వాన్సు ఎవరి వడ్డీ నుంచి బయలుదేరింది, సర్దార్ కమీషను ఎంత, ఇటుక ధర ఎవరు నిర్ణయిస్తారు, ఆ ఇటుకతో కట్టిన అపార్ట్‌మెంటులో చదరపు అడుగు ఎంతకు అమ్ముడుపోయింది అన్న గొలుసంతా రాస్తే మీ బంధువుల గొంతు దానంతట అదే వస్తుంది. కూలీ చావు మాత్రమే రాస్తే యజమాని విలన్‌గా మిగిలిపోతాడు, పైనున్నవారెవరూ కనిపించరు.

రాజకీయం గురించి ఒక్క మాట. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన వైఎస్సార్ జీవన సాఫల్య పురస్కారాన్ని, విలేకరులు తాము రాసే ప్రభుత్వాల నుంచి అవార్డులు స్వీకరించకూడదన్న కారణంతో ఆయన వినమ్రంగా తిరస్కరించారు. అభిప్రాయం ఉండడం, ఎవరికైనా బాకీ పడి ఉండడం వేరు వేరు. మండల విలేకరికి మొదటిదానికన్నా రెండవది పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం.

స్త్రీల_పని:

ఇంతవరకు జరిగిన చర్చలో ‘కూలీ’ అన్న ప్రతిచోటా ఒక పురుషుడే కళ్ళముందు నిలబడుతున్నాడు. బట్టీలో పనికి కుదిరేది మనిషి కాదు, కుటుంబం. భార్య, భర్త, చాలాసార్లు ఒక పిల్లవాడు కలిసిన జట్టును పశ్చిమ ఒడిశాలో ‘పథురియా’ అంటారు. మట్టి పిసకడం, అచ్చు పోయడం, తిరగేసి ఆరబెట్టడం అందరూ చేస్తారు, వెయ్యి ఇటుకలకు ఇంత అన్న లెక్క మాత్రం ఖాతా పుస్తకంలో భర్త పేరున పడుతుంది. వారం వారం తిండికి ఇచ్చే ‘ఖురాకీ’ కూడా ఆ పేరునే. ఆమె తెల్లవారుజామునుంచి అచ్చు పోసి, మధ్యలో వంట చేసి, పసిబిడ్డకు పాలిచ్చి, మళ్ళీ అచ్చు దగ్గరికి వచ్చినా కాగితం మీద ఆమె కూలి సున్నా.

సాయినాథ్ గారు 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాలలో తీసిన ఛాయాచిత్రాలతో, గ్రామీణ స్త్రీల శ్రమ మీద ఒక ప్రదర్శన తయారుచేశారు. ఇటుకలు, బొగ్గు, రాళ్ళు మోసే స్త్రీలతో మొదలయ్యే ఆ బొమ్మలు ఇప్పుడు ‘పరి’లో ఎవరైనా చూడవచ్చు. స్త్రీ ముఖం కన్నా ఆమె చేస్తున్న పనికి ఎక్కువ చోటు ఇవ్వడం ఆ చిత్రాలలో నేను గమనించిన గొప్పతనం. మన పత్రికలలో కూలీ స్త్రీ ఫోటో వచ్చిందంటే కన్నీరు ఉండాలన్నట్లు తయారయింది. ఆమె రోజుకు ఎన్ని ఇటుకలు పోస్తుంది, ఒక్కొక్క తడి ఇటుక ఎంత బరువు, ఎన్నిసార్లు వంగి లేస్తుంది అని అడిగి రాయండి. ఎవరి జాలీ అవసరం లేకుండా ఆ లెక్కే పాఠకుని కదిలిస్తుంది.

పిల్లల చదువు గురించి కూడా ఒక మాట. కొన్నేళ్ళ కిందట రాచకొండ పోలీసుల చొరవతో యాదాద్రి జిల్లా బట్టీల దగ్గర ఒడియా మాధ్యమంలో బడులు నడిచాయి. ఇలాంటి మంచిపని జరిగినప్పుడు ప్రారంభోత్సవం వార్త అయింది, తర్వాతి ఏడు ఆ పిల్లలు ఏ ఊరి బడిలో ఏ తరగతిలో చేరారో ఎవరూ రాయలేదు.

కువైట్_నుంచి:

ఇక్కడ కువైట్‌లో ఉండే తెలుగువాళ్ళ తరఫున ఒక చేర్పు. కడప, అన్నమయ్య, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వచ్చిన స్త్రీలు ఎక్కువగా ‘ఇరవై నంబరు వీసా’ మీద ఉంటారు. కంపెనీలలో పనిచేసేవారిది ‘పద్దెనిమిది నంబరు’. ఇరవై నంబరు వారి పని స్థలం ఒకరి ఇల్లు కాబట్టి, లోపల ఏం జరుగుతున్నదో చూడడానికి విలేకరికి గాని, అధికారికి గాని దారి ఉండదు. భారత ప్రభుత్వం ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండాలన్న నిబంధన పెట్టింది. దానిని తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసాల మీద, వేరే దేశాల మీదుగా పంపుతారు, అలా వచ్చిన మనిషి మన ప్రభుత్వ లెక్కలలో అసలు దేశం దాటనే లేదు. గల్ఫ్ వార్తలలో శవపేటిక వచ్చిన రోజు తప్ప ఈ దారి గురించిన కథనాలు తక్కువ. ఊరిలో ఉన్న సబ్ ఏజెంటు దగ్గరి నుంచి మొదలుపెట్టి రాయగలిగే అవకాశం మీ జిల్లా విలేకరులకే ఉన్నది.

గణాంక_విద్యార్థి:

లెక్కలు లేకపోవడం యాదృచ్ఛికం కాదని చూపడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 2007–08 జాతీయ నమూనా సర్వేలో స్వల్పకాలిక వలసకు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, గత ఏడాదిలో నెల రోజులు లేదా అంతకు మించి, ఆరు నెలలకు లోపు, పని కోసం ఊరు విడిచి ఉన్నవారే ఆ లెక్కలోకి వస్తారు. బట్టీ కూలీ నవంబరు, డిసెంబరు నెలలలో బయలుదేరి వానలు పడే జూన్‌కు తిరిగి వెళ్తాడు. ఆరు నెలలు దాటితే అతడు స్వల్పకాలికుడు కాడు. ఏటా ఇంటికి తిరిగి వెళ్తాడు కాబట్టి శాశ్వత వలసదారుడూ కాడు. రెండు గడుల మధ్య గీత మీద నిలబడిన ఈ మనిషిని లెక్కించే బాధ్యత ఎవరికీ లేదు. పాలమూరు మట్టి గారు చెప్పిన బస్సుల పట్టిక విలువ ఇక్కడే తెలుస్తుంది. ఒడిశాలో కాంటాబంజీ స్టేషన్ నుంచి ఆ నెలలలో అమ్ముడయ్యే జనరల్ టికెట్లు, బట్టీ మండలాలలో ఆ కాలంలో పెరిగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఓపీ, ప్రసవాల నమోదు, ఇవన్నీ వెతికితే దొరికే లెక్కలే.

2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కార్మికులు మరణించారన్న ప్రశ్నకు తమ వద్ద సమాచారం లేదని కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు తెలియజేసింది. అదే ఏడాది మే 8న ఔరంగాబాద్ దగ్గర రైలు పట్టాల మీద నిద్రించిన పదహారుమంది మధ్యప్రదేశ్ కార్మికులు గూడ్స్ రైలు కింద చనిపోయిన దృశ్యం దేశమంతా చూసింది. చూసిన మరణం కూడా లెక్కలోకి ఎక్కలేదు.

ములుగు_రైతు:

మా ప్రాంతం పేరు వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. 2020 ఏప్రిల్‌లో మా వైపు మిరప తోటలలో పనిచేసిన పన్నెండేళ్ళ ఆదివాసీ బాలిక, లాక్‌డౌన్‌లో తోటివారితో కలిసి అడవి దారిన మూడు రోజులు నడిచి, బీజాపూర్ జిల్లాలోని తన ఊరు చేరకుండానే ప్రాణం విడిచింది. ‘పరి’ ఆ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి రాసింది. మన తెలుగు పత్రికలు ఆ మరణాన్ని ఛత్తీస్‌గఢ్ వార్తగానే చూశాయి. ఆమె కోసిన మిరప మన మార్కెట్ యార్డులకే చేరింది.

రైతుగా నా బాధ ఇది. మిరప కోతకు వారం ఆలస్యమైతే కాయ నాణ్యత తగ్గి ధర పడిపోతుంది, స్థానికంగా అంతమంది కూలీలు దొరకరు. ట్రాక్టరు మీద గుంపుగా వచ్చినవారిలో పిల్లలుంటే వెనక్కి పంపమని చెప్పే ధైర్యం మాలో ఎందరికి ఉన్నది? విశ్రాంత ఉద్యోగి గారు చెప్పిన పదిమంది నిబంధన మా పొలాలకు వర్తించే రోజు రాదు, ఎందుకంటే గుంపు ఈ రోజు నా చేలో, ఎల్లుండి పక్కవాని చేలో ఉంటుంది. యజమాని ఎవరో తేల్చలేని పని ఇది. అయినా బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మమ్మల్ని అడగండి. అడిగితే జవాబు చెప్పే రైతులు ఉన్నారు.

మండల_విలేకరి:

ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. మా పరిస్థితి కూడా ఇక్కడ నమోదు కావాలి. మండలంలో పనిచేసే మాలో అత్యధికులం జీతగాళ్ళం కాము. లైన్ అకౌంట్ అని, అచ్చయిన వార్త కొలతను బట్టి వచ్చే చిన్న మొత్తమే మా రాబడి. పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తేవలసిన భారం వేరు. ఆ ప్రకటనలు ఇచ్చేవారిలో బట్టీల యజమానులు, మిల్లర్లు, మేస్త్రీలు ఉంటారు. అందుకే బట్టీలో జ్వరాలు వస్తే వైద్య శిబిరం వార్త వస్తుంది, కూలి ఎంత అన్న వార్త రాదు. జాతీయ పత్రికలలో కార్మిక విషయాలకు ప్రత్యేక విలేకరులు కరువయ్యారని సాయినాథ్ గారు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. మండలంలో ఆ ప్రశ్నే రాదు, అన్నింటికీ ఒక్కడే.

అయినా కొంత చేయవచ్చునని అనుభవంతో చెబుతాను. బట్టీ లోపల, మునీము (గుమాస్తా) ముందర కూలీని ప్రశ్నించకూడదు. మీరు వెళ్ళిపోయిన తర్వాత అతడు అక్కడే ఉంటాడు. వారపు సంతలో ఖురాకీతో బియ్యం కొనుక్కోవడానికి వచ్చినప్పుడు మాట్లాడవచ్చు. పశ్చిమ ఒడిశా భాష అయిన కోసలి మాట్లాడే మనిషిని సర్దార్ మనుషుల నుంచి కాకుండా బయటి నుంచి తెచ్చుకోవాలి. ఫోటోలో ముఖం, పేరు, ఊరు మూడూ ఒకేసారి వేయకూడదు, ఎందుకంటే అడ్వాన్సు ఇచ్చినవాడు వారి ఊరిలోనే ఉంటాడు.

బట్టీ_బంధువు:

మండల విలేకరి గారు చెప్పిన సంత సలహా సరైనది. గేటు ముందు కెమెరాతో నిలబడితే తగవు తప్ప సమాచారం రాదు. నేను చేయగలిగినది ఒకటి ఉన్నది. అడ్వాన్సు నుంచి ఇటుక అమ్మకం దాకా ఒక సీజను ఖర్చులు, రాబడులు ఎలా ఉంటాయో పేర్లు లేకుండా రాసి ఇవ్వడానికి మా బంధువులలో ఒకరు అంగీకరించారు. కూలి కింద ఎంత పోతున్నదో, సర్దార్‌కు ఎంత పోతున్నదో అందులో దాచకుండా ఉంటుంది. అందులో మాకు తలవంపులయ్యే అంకెలు ఉంటాయని తెలిసే చెబుతున్నాను.

పాఠకురాలు_వరంగల్:

ఇంతకన్నా విలువైన సహాయం నేను ఆశించలేదు. వచ్చే శిక్షణ తరగతిలో ముందుగా 2003 నాటి బస్సు కథనం చదివిస్తాను, ఆ వెంటనే ప్రతి విలేకరి తన మండలంలోకి వచ్చే కూలీల దారిని అదే పద్ధతిలో రాయాలి. స్త్రీల పని గారు చెప్పినట్లు, ఖాతాలో పేరు లేనివారి పనిగంటలు తప్పనిసరిగా ఉండాలి. విశ్రాంత ఉద్యోగి గారూ, సమాచార హక్కు కింద ఏయే కాగితాలు అడగాలో ఒక్కసారి స్పష్టంగా చెప్పగలరా?

విశ్రాంత_ఉద్యోగి:

కార్మిక శాఖ జిల్లా కార్యాలయాన్ని మూడు అడగండి. గత ఐదేళ్ళలో వలస కార్మికులను తెచ్చే కాంట్రాక్టర్లకు ఇచ్చిన లైసెన్సుల జాబితా, అదే కాలంలో నమోదైన ఇటుక బట్టీల జాబితా, వాటిలో జరిపిన తనిఖీల నివేదికల నకళ్ళు. ఆర్డీవో కార్యాలయాన్ని వేరుగా, సంవత్సరాలవారీగా జారీ చేసిన వెట్టి విడుదల పత్రాల సంఖ్య అడగండి. గనుల శాఖకు బట్టీలు మట్టి కోసం చెల్లించిన రుసుముల వివరాలు కూడా తీసుకొని కార్మిక శాఖ ఇచ్చిన బట్టీల జాబితాతో పోల్చండి. మట్టికి రుసుము కట్టిన బట్టీ ఆ జాబితాలో లేకపోతే మీ విలేకరి మొదట వెళ్ళవలసినది ఆ బట్టీకే. దరఖాస్తు అక్టోబరులోగా వేయండి, ముప్పై రోజుల గడువు పోను కూలీలు దిగే సమయానికి జవాబు చేతిలో ఉంటుంది.